నాన్న రేడియోకి లావణ్య కట్టిన తీగ

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. భీమవరంలో చర్చి క్వైర్‌లో పాడుతూ పెరిగినదాన్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం. ఇది మాత్రం మా ఇంట్లోనే జరిగింది. అదీ నాకు కాదు, నా రూమ్మేట్ లావణ్యకి. నా కుళ్ళంతా అందుకే.

కెనడాలోని సస్కటూన్‌కి చదువుకి వచ్చిన రెండో ఏడు నాన్న పోయారు. స్టడీ పర్మిట్ రెన్యువల్‌లో ఉంది, వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలీదు. భూస్థాపన ఫోన్‌లో చూశాను. తర్వాత ఇటు వస్తున్న తెలిసినవాళ్ళతో అమ్మ ఆయన చిన్న రేడియో పంపింది.

మేముండేది బేస్‌మెంట్‌లో. రేడియో పెడితే గరగర తప్ప ఏమీ రాదు. లావణ్యది కరీంనగర్, ఊరుకునే మనిషి కాదు. పాత స్పీకర్ వైరు చివర తొక్క ఒలిచి రేడియో ఏరియల్‌కి చుట్టింది. రెండో చివర కిటికీ సందులోంచి బయటికి లాగి, కంచె మీద ఎత్తుగా కట్టింది. దెబ్బకి లోకల్ స్టేషన్లన్నీ స్పష్టంగా వచ్చాయి.

ఆ వారమే, నేను స్టోర్‌లో షిఫ్ట్ చేసి వచ్చేసరికి లావణ్య రేడియో ముందు బిగుసుకుపోయి ఉంది. స్టేషన్ల మధ్య గరగరలో మా నాన్న మాట్లాడారట. ఆమెకి ఆ గొంతు తెలుసు. షిఫ్ట్‌లో నేను ఫోన్ ఎత్తకపోతే ఆయన ఆమెకే చేసేవారు. నాతో రెండు ముక్కలు, ఆమెతో పావుగంట. అప్పట్నుంచే నాకు గుర్రు.

తర్వాత కూడా ఆయన వస్తూనే ఉన్నారట, నేను లేనప్పుడే. చలిలో నిలబడి ఆ తీగకి ఇంకో ముక్క కలిపి చెట్టుకొమ్మ దాకా లాగాను. స్టేషన్లు పెరిగాయి, నాన్న రాలేదు. నాన్న నావాడు, రేడియో నాది, వినేది ఆవిడ. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

చివరికి ఏమంటున్నారని అడిగాను.

"మా అమ్మాయి తిందా అని ఒక్కటే అడుగుతరు. తిన్నది అంకుల్ అని నేనంట. అంతే, మల్ల గరగర."

"ఈసారి తినలేదని చెప్పు," అన్నాను. అలాగైనా ఇంకాసేపు ఉంటారని నా ఆశ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఏమీ తినకుండా నా గదిలో తలుపేసుకున్నాను. కాసేపటికి లావణ్య కంచం తెచ్చి నా ముందు పెట్టింది. పెరుగన్నం. వేళ్ళు పెడితే అడుగున ఆవకాయ ముక్క తగిలింది.

చిన్నప్పుడు వేడి చేస్తుందని అమ్మ నన్ను ఆవకాయ ముట్టనిచ్చేది కాదు. నాన్న ఆమెకి కనపడకుండా ముక్క అడుగున పెట్టి పైన పెరుగన్నం కప్పేవారు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"ఇలా ఎవరు పెట్టమన్నారు?"

"అంకులే. పైకి కనబడొద్దన్నరు."

కంచం ఖాళీ చేశాను. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కుళ్ళొచ్చింది. నాకూ నాన్నకీ మధ్య ఉన్న ఆ ఒక్కటీ ఆమెకి చెప్పేశారు.

ఆ రోజు తర్వాత ఆయన గొంతు లావణ్యకీ వినపడలేదు. బతికుండగా ఫోన్‌లో చెప్పారేమోనని గుచ్చి గుచ్చి అడిగాను, లేదంది. ఆమెకి అబద్ధం చెప్పే అవసరమేంటో నాకు తెలీదు. నిజమైతే ఎలా నిజమో అదీ తెలీదు.

తీగ ఇంకా అలాగే ఉంది. కొన్ని సాయంత్రాలు తినకుండా రేడియో ముందు కూర్చుంటాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.