గోడకి తిరిగిన ఏడో ఫొటో

మీరు ఫ్రేములక్కని కలిసి తీరాలి! ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టు ఆవిడది. బట్టలు కుట్టే షాపుకీ మందుల షాపుకీ మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, కాస్త పరధ్యానంగా నడిస్తే దాటిపోతారు. నలభై మూడేళ్ల మనిషి. మెడలో కొలతల టేపు, కుడి బొటనవేలికి ప్లాస్టరు, ఈ రెండూ లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు లేరు. కూర్చోమంటే కూర్చోదు. మీతో మాట్లాడుతూ మాట్లాడుతూనే మీ వెనకాల క్యాలెండర్ వంకరగా ఉందని వెళ్లి సర్దేసి వస్తుంది. వాళ్లాయన బస్సు డ్రైవరు. డ్యూటీ లేని రోజు కొట్లో కూర్చుని, "మా ఇంట్లో బ్రేకుల్లేని బండి ఒకటుందండీ, డిపో వాళ్లు కూడా మాకొద్దన్నారు" అంటుంటాడు వచ్చినవాళ్లతో.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఏమైందో చెప్తాను, వినండి.

వాళ్ల వీధి చివర ఒక మేడ మీద కథల గది ఉంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నడుపుతుంది. ఒంటి రంగు చూసో, ఎక్కడి నుంచో వచ్చారనో, యాస వేరుగా ఉందనో జనం చేత మాటలు పడ్డవాళ్లు అక్కడికొచ్చి జరిగింది చెప్పుకుంటారు. టీచరమ్మ మనుషులు వాటిని రాసి, ఫొటోలు పెట్టి, స్కూళ్లకీ ఆఫీసులకీ తీసుకెళ్లి చూపిస్తారు, వాటి మీద అందరి చేతా మాట్లాడిస్తారు. కానీ టీచరమ్మ పద్ధతులు మహా గట్టివి. రాసింది చెప్పినవాళ్లకే పైకి చదివి వినిపించాలి. ఫొటో వాళ్ల చేతికిచ్చి చూపించాలి. వాళ్లు ఊ అంటేనే గోడెక్కాలి. ఎక్కాక కూడా, మనసు మారితే వాళ్లొచ్చి తమ ఫొటోని గోడవైపుకి తిప్పేసుకోవచ్చు. ఎందుకు తిప్పావని ఎవరూ అడగకూడదు. తిప్పినవాళ్లు తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

"వాళ్ల కథ వాళ్లదేనమ్మాయ్. మనం మేకు కొట్టి పెడుతున్నామంతే" అంటుందావిడ.

ఆ గదికి అద్దె కట్టడం కష్టమైపోయింది. నెలాఖరులోపు ఏదో ఒకటి తేల్చండి, లేదా తాళాలిచ్చెయ్యండి అన్నాడు మేడ యజమాని. అందుకని కింద హాలు తీసుకుని, పన్నెండు ఫొటోలు వేలాడదీసి, టీ బిస్కెట్లు పెట్టి, చూసి తోచింది ఇవ్వండని అందర్నీ పిలిచారు. ఫ్రేములన్నీ అక్క పైసా తీసుకోకుండా కట్టిచ్చింది.

ఎందుకంటారా? వాళ్ల నాన్నది ఫొటో స్టూడియో. నల్లటి ముఖాల్ని తెల్లగా దిద్దడంలో ఆయనకి పెద్ద పేరు. అక్క పదో తరగతి ఫొటోని కూడా అలాగే దిద్దేశాడు. అది పట్టుకుని పిల్ల అడిగింది, "ఇదెవరు నాన్నా?" అని. "నువ్వేరా, ఇంకాస్త బాగున్నావు" అన్నాడాయన. ప్రేమగానే అన్నాడు పాపం, అదే ఆవిడకి ఇప్పటికీ మింగుడు పడదు. సొంతంగా కొట్టు తెరిచిన రోజే ఒట్టు పెట్టుకుంది, ఎవరి ముఖం జోలికీ పోనని.

ఆదివారం నాలుగింటికి తలుపులు తీస్తారనగా, మూడింటికే అక్క హాల్లో తిరుగుతోంది. మొదటి ఫ్రేము సరిచేసింది. నాలుగోది సరిచేసింది. మళ్లీ మొదటిది. టీ కప్పులు పేరుస్తున్న టీచరమ్మకి ఒళ్లు మండింది.

"గోడకి గిలిగింతలు పెడుతున్నావా? ఓ చోట కూర్చోవే తల్లీ!"

"కూర్చుంటే కాళ్లు లాగుతాయి టీచర్‌గారూ."

అంటూనే ఏడో ఫొటో దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఫొటో లేదు. ఫ్రేము వెనకవైపు అట్ట, దాని మీద తన కొట్టు స్టిక్కరు, ఫోన్ నంబరు. ఎవరో తిప్పేశారు.

ఏడోది లాండ్రీ పిన్నిది.

పిన్ని ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. పని కోసం చాలా దూరం నుంచి వచ్చిన నలుగురాడవాళ్లలో ఒకావిడ. ఆ నలుగురికీ అక్కడ టీ కప్పులు వేరే పెట్టారు, గోడ కొక్కేనికి విడిగా తగిలించి. నలుగురూ కూడబలుక్కుని ఒకరోజు ఆ కప్పులు తీసుకెళ్లి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టి, మామూలు కప్పుల్లో టీ పోసుకుని, అందరి ముందూ నింపాదిగా తాగారు. వారం రోజులు అదే పని. చివరికి ఆ కొక్కేన్నే పీకేశారు. అదీ కథ. పన్నెండింటిలోకీ టీచరమ్మ ప్రాణం పెట్టుకుంది దీని మీదే. ఫర్నిచర్ షాపుల పెద్దాయన ఒకాయనకి దీని గురించి చెప్తే, "ఆ ముఖం నేను చూడాలి. నచ్చితే సంవత్సరం అద్దె నాది" అన్నాడు. నాలుగింటికి వచ్చి ఐదింటికి వెళ్లిపోతాడు, ఆయన ఎవరిదో పెళ్లికి వెళ్లాలి.

టీచరమ్మ కూడా చూసింది. ముఖం పాలిపోయింది. నోరు తెరిచి, మళ్లీ మూసేసుకుంది. తను పెట్టిన పద్ధతే కదా, అడగలేదు.

అక్కకి అడగక్కర్లేదు. తెలిసిపోయింది.

ఫొటోకీ అద్దానికీ మధ్యలో మందపాటి అట్ట ఒకటి పెడతారు, మధ్యలో కిటికీలా కోసి. మౌంటు అంటారు. ఆ కిటికీ ఎంత కోస్తే అంతే కనిపిస్తుంది. అసలు ఫొటోలో నలుగురున్నారు, భుజాలు రాసుకుంటూ, చేతుల్లో కప్పులు. పిన్ని పక్కకి చూస్తోంది, ఆ పక్కనున్నామె ఏదో జోకు వేసినట్టుంది. పదకొండు రోజుల కింద ఈ ఫొటో బల్ల మీద పెట్టుకుని అక్క అట్ట ఇటు జరిపింది, అటు జరిపింది. పిన్ని ఒక్కదాని ముఖం దగ్గర ఆపితే, అబ్బ! ఆ పక్క చూపు దిగులుగా కనిపించింది. అదే బాగుందనిపించింది. అలాగే కోసింది. మిగతా ముగ్గురూ అట్ట కిందకి వెళ్లిపోయారు.

పిన్నికి చూపించింది విడి ఫొటో. ఫ్రేము కట్టాక చూపించాలని ఎవరికీ తట్టలేదు. ఫ్రేమంటే చుట్టూ ఉండే చెక్క ముక్కే కదా అనుకున్నారు, టీచరమ్మతో సహా.

ముఖం జోలికి పోలేదు, నిజమే. పక్కనున్న మూడు ముఖాల్నీ మాయం చేసింది. నాన్న కూతురే!

సంచిలో పటకారు ఉంది. వెనకాల మేకులు నాలుగు పీకి, మౌంటు తీసేసి, ఫొటోని మళ్లీ బిగిస్తే పది నిమిషాల పని. చెయ్యి సంచిలోకి వెళ్లింది, బయటికొచ్చింది, మళ్లీ వెళ్లింది. తిప్పిన ఫొటోని ముట్టుకోకూడదు. ఏమైందని అడగనూ కూడదు. చెప్పకూడదని మాత్రం ఎక్కడా లేదు.

పిన్ని హాలు వెనకున్న వంటగదిలో టీకి నీళ్లు పెడుతోంది. అక్క గుమ్మంలో నిలబడి గుక్క తిప్పుకోకుండా అనేసింది.

"పిన్నీ, మిమ్మల్నేం అడగను. నేనే చెప్తున్నా. వాళ్ల ముగ్గుర్నీ కప్పేసింది నేను. టీచర్‌గారు చెయ్యమనలేదు. దిగులుగా కనిపిస్తే బాగుంటుందనుకున్నా. బుద్ధి గడ్డి తింది."

పిన్ని స్టవ్ తగ్గించింది. "నేననుకున్నా టీచర్‌గారి వాళ్లే తీయించేశారని. మా వాళ్లకేం చెప్పాలో తెలీక ఒకటే నలిగిపోయా." అక్క వైపు తిరిగింది. "నేనెప్పుడైనా అంత ఏడుపుగొట్టు ముఖం పెట్టానా అమ్మాయ్? మా ఆయన పోయినప్పుడు కూడా పెట్టలేదే!"

"పది నిమిషాల్లో సరిచేసేస్తా, మీరు సరే అంటే."

"సరిచెయ్యి. కానీ మళ్లీ గోడవైపుకే పెట్టు. వాళ్లు ముగ్గురూ ఆరింటికి షిఫ్టు దిగొస్తారు. అది నలుగురి ఫొటో. నలుగురం చూసి తిప్పుతాం."

"ఆరింటికా? పిన్నీ, ఆ పెద్దాయన ఐదింటికి..."

"నాకు తెలుసు" అంది పిన్ని. స్టవ్ పెద్దది చేసింది.

అక్క సరిచేసి, వీపు బయటికే పెట్టి తగిలించింది. నాలుగైంది. జనం వచ్చారు. పెద్దాయనా వచ్చాడు, మంచి మనిషే, ప్రతి ఫొటో దగ్గరా ఆగి చదివాడు. ఏడోదాని దగ్గరికొచ్చి స్టిక్కరు కేసి చూశాడు.

"ఇదేంటమ్మా, ఫ్రేముల కొట్టు ప్రకటనా?"

వెనకాల నిలబడ్డ అక్క వాళ్లాయన కిసుక్కున నవ్వాడు. అక్క చూసిన చూపుకి టక్కున ఆపేశాడు.

టీచరమ్మ నిజమే చెప్పింది. కథ చెప్పినావిడే తిప్పుకున్నారు, మా పద్ధతి ఇది అని.

"గొప్ప పద్ధతి, కాదనను" అన్నాడాయన. వాచీ చూసుకున్నాడు. "నేను దీని కోసమే వచ్చాను. ఒక్క నిమిషం చూసి మళ్లీ తిప్పేద్దాం. ఆవిడ లోపలే ఉన్నారుగా, ఎవరికి నష్టం? గది నిలబడుతుంది."

టీచరమ్మ అక్క వైపు చూసింది. తిప్పమనలేదు, వద్దనలేదు. ఆ కళ్లల్లో పదిహేనేళ్ల గది మొత్తం ఉంది. అక్క చెయ్యి ఫ్రేము అంచు దాకా వెళ్లింది, అలవాటు కొద్దీ. మునివేళ్లతో అంచు పట్టుకుంది. కొంచెం వంకరగా ఉందేమో అనిపించింది కూడా.

వదిలేసి, గోడకి వీపు ఆనించి నిలబడింది.

"సార్, మీరు చూద్దామని వచ్చిన ముఖం లేదు. అది నేను అట్ట కోసి తయారుచేసింది. అసలు ఫొటోలో నలుగురున్నారు, నవ్వుతున్నారు. ఆరింటికి వస్తారు, వాళ్లే తిప్పుతారు. ఉండగలిగితే ఉండండి."

హాలంతా వినిపించింది. కొందరు అక్కనే చూశారు, ఇదా నువ్వు చేసే పని అన్నట్టు. పెద్దాయన తలాడించి, "చూద్దామమ్మా" అని, టీ సగంలో పెట్టేసి పెళ్లికి వెళ్లిపోయాడు.

ఆరుంబావుకి ముగ్గురూ వచ్చారు, చేతులకింకా సబ్బు వాసన. నలుగురూ ఫ్రేము దించి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. "నా ముక్కు చూడండే, కెటిలు మూతిలా ఉంది!" అంది ఒకావిడ. "అందుకేగా టీ నీకు ముందు పోసేది" అంది పిన్ని. పడీ పడీ నవ్వారు. ముఖం బయటికి పెట్టి తగిలించారు. అప్పటికి హాల్లో పదకొండు మందున్నారు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. నెలాఖరు ఇంకా రాలేదు. పెద్దాయన నుంచి కబురు లేదు. టీచరమ్మ రోజూ కొట్టు ముందు నుంచే వెళ్తుంది, "బాగున్నావా" అంటుంది, ఆగదు. ఫోన్ మోగితే చాలు అక్క ఎగిరిపడుతుంది. ఖాళీగా ఉన్న మౌంటులు తీసి కోస్తుంది, పారేస్తుంది. నిన్న వాళ్లాయన్ని ఏడోసారి అడిగింది, నేను చేసింది కరెక్టేనా అని. "నేను బస్సు తిప్పుతానే, ఫొటోలు తిప్పను, నన్నొదిలెయ్" అన్నాడాయన.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఫ్రేము అంచు మీ మునివేళ్లలో ఉంది, పిన్ని లోపల టీ పోస్తోంది, గది పోయేలా ఉంది. మీరైతే ఏం చేసేవాళ్లు?