నార మిద్దె మీద చవుడు

నేను మార్కాపురం కోడలిగా వచ్చిన మరుసటి వానాకాలం మా మిద్దె కూలి మా అత్త మీద పడింది.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని మా జిల్లాలోనే వెలిసింది. ఆ గొప్ప చెప్పుకోవడానికి బాగానే ఉండేది కానీ బస్తా సిమెంటు దొరకాలంటే తల ప్రాణం తోకకు వచ్చేది. ఉన్న సిమెంటంతా కర్నూలుకే పోతోందని మా వీధిలో ఒకటే ఎకసెక్కాలు.

మా ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. దూలాల మీద దంతెలనే సన్న వాసాలు, వాటి మీద కట్టెలు పరిచి, పైన మట్టి తొక్కేవాళ్లు. అన్నిటికీ పైన చవుడు. చవుడంటే పొలాల అంచుల్లో దొరికే తెల్లటి ఉప్పుమట్టి. తడిస్తే బిగుసుకుని వాననీటిని కిందికి దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు కొత్త చవుడు వేయాల్సిందే. వేయకపోతే ఆ ఇంట్లో సంసారం మీద ఎవరికీ శ్రద్ధ లేదని అనుకునేవాళ్లు. పాత చవుడు తీసే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. ఏడాదికేడాది పైన బరువు పెరుగుతుంది, కింద దూలాన్ని చెదలు తింటుంది. మా దూలం కూడా అలాగే, ముసురు పట్టిన ఒక ఉదయం, ఏ చప్పుడూ లేకుండా విరిగింది. మా అత్త దాని కింద కూర్చుని కందులు చెరుగుతోంది.

మేము చేతులతోనే మట్టి తోడి ఆమెను బయటికి లాగాం. కాలు వంకరగా అతుక్కుంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఆమె మనసుకు తగిలింది. ఆ రోజు నుంచి లోపల పడుకోనంది. వాకిట్లో బోదగడ్డి కప్పిన వసారాలో మంచం వేసుకుంది. చలికాలమంతా అక్కడే, మంచులో.

"అత్తా, మిగతా గదులు బాగానే ఉండాయి గదా, లోపలికి రాకూడదూ?" అని బతిమాలేదాన్ని.

"ఒకసారి మట్టి మింగినా గదమ్మే, చాలు. మల్లా మిద్దె కింద పండుకోమంటే నా వల్ల గాదు."

సంక్రాంతి దాటేసరికి దగ్గు పట్టుకుంది. వైద్యుడు వచ్చి ఛాతీ చూసి, ఇంకొక వానాకాలం జల్లులో పడుకుంటే ఈమె దక్కదని మా ఆయన్ని పక్కకు పిలిచి చెప్పినాడు. నేను గడప వెనక నిలబడి విన్నాను. నాకు తల్లి లేదు. పెళ్లయిన నాటి నుంచి నా జడ వేసింది, నా మీద కేకలు వేసింది కూడా ఆమే.

మా ఆయన బడిపిల్లలు రాసే రాతిపలకల కార్ఖానాలో పని చూసేవాడు. ఆయనకు తిండి లేకపోయినా గడుస్తుంది కానీ ఏదో ఒక ఆలోచన లేకపోతే గడవదు. మిద్దె బరువే మనిషిని చంపుతోంది కాబట్టి, బరువు లేని మిద్దె వేయాలని పట్టుబట్టాడు. కార్ఖానా వెనక పలకలు కోయగా మిగిలిన పొడి గుట్టలుగా పడి ఉండేది. దానికి సున్నం, ఇటుకపొడి, దొరికిన కాస్త సిమెంటూ కలిపి, మధ్యలో కిత్తనార పరిచి, చట్రాల్లో పల్చటి బిళ్లలు పోయడం మొదలుపెట్టాడు. కిత్తనారంటే రైలుకట్ట పొడుగునా ముళ్లతో పెరిగే కిత్తలి మట్టల నుంచి తీసే నార, మేము తాళ్లు పేనుకునేది.

మొదట పోసినవి ఎత్తబోతే విరిగాయి. తర్వాతవి వానకు నాని మెత్తబడ్డాయి. వాకిలంతా పలకపొడి. అన్నంలో పలకపొడి. ఆరేసిన చీర దులిపితే పలకపొడి. "మీరు మిద్దె కడతాండారో, నాకు సమాధి కడతాండారో చెప్పండి" అని ఒకరోజు గిన్నె విసిరేశాను. ఆయన గిన్నె తీసి ఇచ్చి, మళ్లీ పోయి సున్నం కలుపుకున్నాడు. అలాంటి మనిషితో పోట్లాట కూడా సరిగా సాగదు.

ఇప్పుడు పేపర్లో నార కలిపిన కాంక్రీటనీ, గనుల వ్యర్థంతో ఇళ్లనీ, కాంపోజిట్లనీ రాస్తుంటే వదలకుండా చదువుతాను. పర్యావరణానికి మేలట, ఎక్కువ కాలం మన్నుతాయట. సంతోషమే. మాకప్పుడు పర్యావరణం సంగతి తెలియదు. సిమెంటు దొరకలేదు, ముసలామె దగ్గుతోంది, అంతే.

ఎండలు ముదిరేసరికి ఆయనకు పాళ్లు కుదిరాయి. రెండు రాళ్ల మీద బిళ్ల పెట్టి ఎక్కి నిలబడి చూపించాడు. నేనూ ఎక్కాను. మా అత్త మంచం మీద నుంచి చూసి మొహం తిప్పుకుంది. కూలిన గదికి గట్టి దూలాలు వేయించి, దగ్గర దగ్గరగా దంతెలు పెట్టించి, వాటి మీద బిళ్లలు పరిచి, సందుల్లో సున్నం పూశారు. చూడవచ్చిన వాళ్లందరూ "అప్పడాల మిద్దె" అని పేరు పెట్టి నవ్విపోయారు. గది శుభ్రం చేసి మా అత్తకు కొత్త చాప పరిచాను. ఆమె గడప దాకా వచ్చి పైకి చూసి, కర్ర తాటించుకుంటూ వసారాకే పోయింది.

తొలకరి ముందు గిద్దలూరులో మా దగ్గరి వాళ్ల పెళ్లి. అత్తకు సాయంగా పక్కింటామెను ఉండమని చెప్పి మేమిద్దరం రైల్లో పోయాం. తిరిగి వచ్చే దారిలో పెద్ద వాన. స్టేషన్లో దిగి బండి కట్టించుకుని ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది. మిద్దె అంచుల నుంచి తెల్లటి నీళ్లు కారుతున్నాయి.

మా ఆయన నిచ్చెన ఎక్కి చూసి నెత్తి పట్టుకున్నాడు. అప్పడాల మిద్దె నిండా జానెడు మందాన చవుడు. వానకు నాని కొండంత బరువుంది.

"ఎవురు ఏసినారు దీన్ని?" అని అరిచినాడు.

"నేనే ఏయించినా," అంది మా అత్త వసారాలో నుంచి. "బండి పిలిపిచ్చి."

"బరువు ఉండకూడదనే గదమ్మా ఇన్ని తిప్పలు పడినా! ఇది మట్టి మిద్దె గాదు, దీనికి చవుడు వద్దు!"

"ఏందిరా ఆ అరుపు? వాన ముంగట మిద్దె బోడిగా ఉంటే ఎట్ల చూసేది? మనం పండుకునే ఇంటికి చవుడు ఏసుకోమా?"

కోపంలో ఆయన ఆ మాట వినలేదు. నేను విన్నాను. లోపలికి వస్తానని ఒప్పుకోని మనిషి, అప్పటికే ఆ ఇంట్లో పడుకోవాలని మనసులో అనుకుని, మన పద్ధతి ప్రకారం దాన్ని వానకు సిద్ధం చేసిందన్నమాట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చీర కొంగు దోపి నిచ్చెన ఎక్కి ఆయనతో పాటు నేనూ చవుడు తీసి కిందికి తోశాను. చుట్టుపక్కల వాళ్లు పారలు తెచ్చి చేయి కలిపారు. చీకటి పడకముందే మిద్దె ఖాళీ అయింది.

అప్పుడు లోపలికి పోయి చూశాం. నడిమి బిళ్ల ఒకటి అడ్డంగా పగిలి కిందికి వంగి ఉంది. పగులులో నార పోగులు కనిపిస్తున్నాయి. రెండు ముక్కల్నీ అవే పట్టుకుని ఉన్నాయి. సరిగ్గా దాని కిందే నేను పరిచిన చాప మీద మా అత్త దిండు, వక్కాకు సంచి కనిపించాయి.

మా ఆయన గడప వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు ఈడ ఉన్నప్పుడే పగిలిందా?"

"మద్దేన్నం వాన పడతాంటే, చవుడు సరిగ్గా పట్టిందో లేదో చూద్దామని వచ్చి నడుం వాల్చినా," అంది ఆమె గడపలో నిలబడి. "చిటుక్కుమనె. ఈ కాలుతో యాడికి పరిగెత్తేది? కండ్లు మూసుకున్నా. ఏం పడలా. తెరిచి చూస్తే ఎట్ల పగిలిందో అట్లనే నిలబడి ఉండాది. నేనూ చానాసేపు చూస్తా పండుకున్నా."

ఆయన ఆ బిళ్ల కింద గుంజ పోటు పెట్టాడు. రేపే మార్చేస్తానన్నాడు. ఇవాళ్టికి ముగ్గురం వసారాలోనే పడుకుందామని, లోపలికి ఎవ్వరూ రావద్దని గట్టిగా చెప్పాడు. ఆయన అంత భయపడటం నేను ఎన్నడూ చూడలేదు.

మా అత్త కర్ర గోడకు ఆనించింది.

"ఆ పాతది నాకు ఒక మాటైనా చెప్పకుండా పడె. ఇది పగిలి కూడా నన్ను తాకలా," అంది. "మీకు భయమైతే మీరు వసారాలో పండుకోండి నాయనా. నేను ఈడనే పండుకుంటా."

చాప మీద కూర్చుని, వంకర కాలు మెల్లగా చాపి, దుప్పటి కప్పుకుంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. తర్వాత నేను పోయి మా చాపలు కూడా లోపలికి తెచ్చాను.