మూతకు పెట్టిన కాటుక

కారు లోపల ప్లాస్టిక్ ముక్క విరిగితే ఇప్పటి కుర్రాళ్ళు ఫోన్ తెరిచి, ఇంట్లోనే అతకడం ఎట్లాగో చూసి నేర్చుకుంటున్నారు. నేర్చుకోనీయండి! నేను డ్రైవరుగా కుదిరిన ఆ రోజుల్లో నాకు దొరికిన గురువు భయం ఒక్కటే.

జనగామలో ఒక మిల్లు సేటు దగ్గర పని. ఆయన కొత్త కారు మీద ఈగ వాలినా తిట్లు నాకే. (ఈగలు డ్రైవర్ల మాట వింటాయని ఆయన నమ్మకం.) ఒకనాడు ఆయన అత్తగారిని దేవరుప్పులలో చుట్టాలింటి నుంచి తీసుకొస్తున్నాను. ముసలమ్మ ముందు సీట్లో కూర్చుని, ఎదురుగా ఉన్న అరలో తన తమలపాకుల డబ్బా కుక్కి, మూత పడటం లేదని మోకాలితో ఒక్క పోటు పొడిచింది. మూత రెండు ముక్కలై ఆమె ఒళ్ళో పడింది. "ఏం గాలే పోరడా, నువ్వు తోలు" అన్నది. ఏం కాకపోవడం ఆమెకు! తెల్లారితే సేటు కుటుంబాన్ని కాళేశ్వరం తీసుకుపోవాలి. మూత విరగ్గొట్టింది మీ అత్తగారేనని చెప్పిన డ్రైవరు ఎక్కడైనా పనిలో మిగులుతాడా?

ముక్కలు తువ్వాలలో చుట్టి ఇంటికి తెచ్చాను. మా అవ్వ (అమ్మను అట్లాగే పిలిచేవాళ్ళం) పగిలిన బకెట్లను కాల్చిన కొడవలితో అతికేది. "గిది గూడ బకెటే అనుకో. నువ్వు ముక్కలు కదలకుండ పట్టుకో" అంటూ పాత ప్లాస్టిక్ బిందె ముక్క కరిగించి పగులులో పూసింది. అతుక్కున్నది. కానీ నల్లటి మూత మీద పచ్చటి బిందె గీత, జెర్రి పాకినట్టు! తువ్వాలతో మొహం కప్పుకున్నాను. "ఏడ్వకు బిడ్డా" అని అవ్వ కాటుక తెచ్చి గీత మీద దట్టంగా రుద్దింది.

మరునాడు చీకటితోనే మూతను అరకు బిగించాను. సేటు తెల్ల పంచె కట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు, ముసలమ్మ ఇంటివాళ్ళతో వెనక సీట్లో. ప్రతి గుంతకూ మూత కిర్రుమనేది. భూపాలపల్లి దాటేసరికి ఎండకు కాటుక కరిగి ఆయన మోకాలి మీద నల్లటి చార పడింది.

"ఏందిరా గిది?"

ఆ అడవి దారిలోనే దింపేస్తాడని, జనగామ దాకా నడవాలని లోపల లెక్క కట్టుకుంటున్నాను. అంతలో వెనక సీట్లోంచి ముసలమ్మ గొంతు లేచింది: "దిష్టి కాటుక అల్లుడా! కొత్త బండికి నేనే పెట్టిచ్చిన. తుడ్వకు!"

సేటు భక్తిగా ఆ నలుపును వేలితో తీసి కళ్ళకద్దుకున్నాడు. (ఆ కళ్ళు చూసి నవ్వకుండా కాళేశ్వరం దాకా బండి తోలానే, అదీ డ్రైవింగంటే!)

గోదావరి ఒడ్డున ఆమెకు దండం పెట్టబోయాను. "ఊకో పోరడా" అన్నది మెల్లగా. "అల్లుని ఇంట్ల బతికేదాన్ని. నిన్నటిసంది నాకు గూడ బువ్వ లోపలికి పోతలేదు."

భయం నా ఒక్కడి సొత్తనుకున్నాను అప్పటిదాకా. తిరుగు దారిలో మూత కిర్రుమన్నప్పుడల్లా ఆమె వెనక నుంచి గట్టిగా దగ్గింది. ఇప్పుడు నేను ఆమె వయసు దాటాను. బిగుసుకుపోయి స్టీరింగు పట్టుకున్న ఆ పోరడి కారులో ఒక్కసారి వెనక సీట్లో కూర్చోవాలనిపిస్తుంది, వాడి కోసం నాలుగు దగ్గులు దగ్గడానికి.