నేను వెయ్యని ఒట్టు

సిరిపురంలోని మా ఆఫీసుకి ఎన్నికల ప్రచారం కాంట్రాక్టు వచ్చిన రోజే మా బాసు హాల్లో బల్లలు జరిపించాడు. ఒక్కో కులానికి ఒక్కో బల్ల. ఏ కులంవాళ్లు ఆ కులం బల్ల దగ్గర కూర్చుని తమవాళ్లకి నచ్చే మాటలు రాయాలి. నన్ను మత్స్యకారుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. స్టీలు ప్లాంటు గురించి, ఉద్యోగాల గురించి రాస్తానంటే నవ్వాడు.

"మీవాళ్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసమ్మా?" అన్నాడు.

ఈయనే అంతకుముందు క్లయింట్ల ముందు నన్ను నోరెత్తనిచ్చేవాడు కాదు. ఓసారి కంగారులో "నాను సెప్తాను సార్" అనేశాను. ఆ రోజంతా ఆఫీసుకి నన్ను వెక్కిరించడమే పని. ఇప్పుడేమో అదే యాస బంగారమైపోయింది. మైకు ముందు కూర్చోబెట్టి "ఇంకా మొరటుగా, ఇంకా మీ ఊరి స్టయిల్లో" అని వెంటపడ్డాడు. ఛీ, ఏం మనుషులో! ఏరు దాటాలి గనక నన్ను ఓడ మల్లయ్యని చేశాడు. దాటాక బోడి మల్లయ్యే అవుతానని నాకు తెలియక కాదు, జీతం కావాలి గనక కూర్చున్నాను.

మా ఊరు పరవాడ దాటాక సముద్రపొడ్డున ఉంటుంది. అన్నయ్యకి సొంత పడవ ఉంది. అతనితో మరో నలుగురు వేటకి వెళ్తారు. అలాంటి ఊళ్లన్నిటికీ ఫోన్లో వినిపించడానికి నా చేత మాటలు చదివించారు. "మీ ఇంటి ఆడపిల్లని మాట్లాడతన్నాను, ఓపాలి ఆలోసించండి" వరకు నాకే ఇబ్బందీ లేదు. అభ్యర్థి మనుషులకి అది ఆనలేదు. "గంగమ్మతల్లి మీద ఒట్టు, ఈయన గెలిస్తే జెట్టీ కట్టిత్తాడు" అని చేర్చమన్నారు.

నేను చచ్చినా చదవనన్నాను. మా ఊళ్లో గంగమ్మ మీద ఒట్టు ఎవరూ ఊరికే వెయ్యరు. అది తప్పితే వేసినవాళ్లకి కాదు, వాళ్లింటి పడవకి తగులుతుందంటారు. ఆ పడవ ఇంకెవరూ ఎక్కరు. డిగ్రీ చదివిన నేను నమ్ముతానా లేదా అన్నది వేరే సంగతి. పడవెక్కేవాడు నమ్ముతాడు. ఇదంతా బాసుకి విడమరిచి చెప్పాను.

"అబ్బా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు! ఇది ప్రచారం తల్లీ, పూజ కాదు" అన్నాడు.

హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి ఇంటికొచ్చేశాను.

ఆ వారంలోనే అన్నయ్య ఫోను చేశాడు.

"ఏటే, గంగమ్మ మీద ఒట్టేసీసినావు? ఊరంతా ఇన్నారు."

"నానెప్పుడేసినాను?"

అతను పంపింది విన్నాను. నా గొంతే. నా సాగదీతే. నేను ఎన్నడూ అనని మాటలు. నా పాత రికార్డింగులన్నీ కంప్యూటరుకి వినిపించి, దాని చేత నా గొంతుతో ఒట్టు వేయించారు. బాసుని నిలదీస్తే, "రికార్డింగులు కంపెనీవి. అయినా ఎంత బాగా వచ్చిందో విన్నావా?" అన్నాడు. ఆ మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. పోలీసు కేసు పెడతానని ఆఫీసు అదిరేలా అరిచాను. పక్క బల్లలవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. వాళ్ల గొంతులు ఏమవుతున్నాయో అడిగే దమ్ము కూడా లేదు పిరికిసన్నాసులకి. ఆ రోజే ఉద్యోగం మానేశాను.

ఆ అభ్యర్థి గెలిచాడు. సంబరాల్లోనే మా ఊరివాళ్లు జెట్టీ మాటెత్తితే, "అది మన చేతిలో లేదు, పైవాళ్లు చూడాలి" అనేశాడు. చేపలు గుడ్లు పెట్టే ఆ ఎండాకాలం రోజుల్లో వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడేసరికి అన్నయ్యతో వెళ్లే నలుగురూ రామన్నారు.

ఊరెళ్లి కులపెద్ద ముందు మొత్తుకున్నాను.

"అది నాను కాదు మావా, మిషను."

ఆయన తన ఫోనులో ఉన్నది మళ్లీ వినిపించాడు. "ఇది నీ గొంతు కాదేటి?"

"గొంతు నాదే గానీ..."

"గొంతు నీది, మాట ఇంకోల్లదని నువ్వంతే, ఆ నలుగురికీ నానేటి సెప్పాల? ఒట్టేసినోల్లు గంగమ్మకాడికొచ్చి ఎనక్కి తీసుకుంతేనే ఆల్లు పడవెక్కుతారు."

అన్నయ్య వల ముందేసుకుని కూర్చున్నాడు. అమ్మే ఏడ్చింది.

"ఆడు గెలిసి ఎల్లిపోనాడు. ఒట్టు మనింట్లో ఉండిపోనాదే!"

వేట మొదలయ్యే రోజు పొద్దున్నే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. ఒళ్లంతా మండిపోతోంది. వెనక ఊరంతా నిలబడింది.

"తల్లీ, నానే ఒట్టేసినాను. తప్పయిపోనాది. ఎనక్కి తీసుకుంతన్నాను."

"గట్టిగా సెప్పు, అందరికీ ఇనపడాల" అన్నాడు పెద్ద.

మళ్లీ చెప్పాను. కాయ కొట్టాను. నలుగురూ వచ్చి అన్నయ్య పడవ మీద చెయ్యేసి నీళ్లలోకి తోశారు. వెనక్కి తిరిగేసరికి ఒడ్డున ఎవరో ఫోనెత్తి అంతా వీడియో తీస్తున్నారు. ఇంక ఏ పోలీసు స్టేషనుకి వెళ్లి ఏమని చెప్పుకోను? ఒప్పుకున్నది నేనే, నా నోటితోనే.