వేళ్ళు చూసి కాసే పందెం

ఈ రోజు ముసునూరులో మా మామిడితోట కోత. ఈ ఏటి కాపుని పూత మీదే కొన్న మా బావగారు దగ్గరుండి చూసుకోవాలి. ఆయనేమో చెట్టు కింద గోనెపట్టా వేసుకుని, ఎక్కడో ఆడపిల్లలు గోడ ఎక్కే పోటీ మీద ఫోన్లో పందెం కాస్తున్నారు.

"ఆ ఆట గురించి మీకేం తెలుసండీ?" అన్నాను.

"తెలియక్కర్లేదు. వేళ్ళు చూస్తే చాలు. ప్లాస్టర్లు చుట్టుకుందంటే జారిపోద్ది. ఓడిపోద్దని కాస్తే సరి. పూత చూసి తోట కొనట్లా? ఇదీ అంతే."

కాసేపటికి ఫోన్లో, ఆయన పందెం కాసిన ప్లాస్టర్ల పిల్ల పట్టు జారి, తాడుకి వేలాడుతూ మొహం దాచుకుంది. ఈయన చప్పట్లు కొట్టారు.

అప్పుడే కాయ కోస్తున్న రాములు చెట్టు దిగాడు. "సొన పడి వేళ్ళు పొక్కిపోయినయ్యండి. గుడ్డముక్క ఏమన్నా ఉందా?" అన్నాడు.

బావగారు పొద్దుటినుంచి మొదటిసారి తలెత్తి ఆ వేళ్ళు చూశారు. నా వైపు తిరిగి, "రేపటికి ఇంకో మనిషిని చూడాలి" అన్నారు.

కాయలు తుడిచే పాతచీర చింపి రాములు వేళ్ళకి నేనే కట్టాను. రేపు మధ్యాహ్నం భోజనానికి బావగారు మా ఇంటికే వస్తారు. మీరైతే వడ్డిస్తారా?