కదలని అంకె

మా ఆయన రొయ్యల ఫ్యాక్టరీలో కంప్రెసర్ గది చూసుకునేవాడు. బోగోలు దాటి సముద్రం వైపు పోతే ఉప్పుగాలికి తుప్పుపట్టిన రేకుల షెడ్లు వస్తాయి. వాటిలో ఒకటి అది. రొయ్య గడ్డకట్టాలంటే చలి కావాలి, ఆ చలి పుట్టాలంటే అమ్మోనియా గ్యాసు కావాలి. గొట్టాల్లో ఉన్నంతసేపూ దానంత మంచిది లేదు. బయటికొచ్చిందా, ముందు కళ్ళు పట్టుకుంటుంది, తరవాత ఊపిరి. ఆయన చొక్కాలు నేను వేరే బకెట్లో నానబెట్టేదాన్ని. అయినా ఆ ఘాటు పోయేది కాదు.

మా అమ్మాయి నెల్లూరులో చదివి అదే ఫ్యాక్టరీలో చేరింది. మిషను ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెట్టెను కంట్రోలర్ అంటారు. ఒక్కో కంపెనీ పెట్టెది ఒక్కో భాషట. ఆ భాషలన్నీ తెలిసిన సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని మా పిల్ల తెచ్చి, పెట్టెలు చెప్పేదంతా ఒక్క తెర మీదికి చేర్చింది. మా ఫోన్లలోకి కూడా.

"ఎంత పోసి కొన్నారే?" అని అడిగాను.

"కొనేది కాదమ్మా. ఏయే దేశాలోళ్ళో రాసి, అందరూ వాడుకోండని పెట్టినారు. బాగుచేస్తే మనమూ మళ్ళీ అందరికీ ఇయ్యాల."

పొరుగింటి పొయ్యిలో నిప్పు తెచ్చుకున్నట్టన్నమాట అనుకున్నాను. మా పిల్ల కూడా తాను కూర్చుకున్నదాన్ని తీరం వెంబడి అడిగిన ఫ్యాక్టరీలకల్లా ఇచ్చింది.

కంప్రెసర్ గది గోడకు గ్యాసును పసిగట్టే సెన్సార్ ఒకటి బిగించారు. దాని మూతికున్న సన్న జల్లెడలోంచి గాలి లోపలికి పోయి, గ్యాసు తగిలితే తెర మీద అంకె లేస్తుంది. మరీ ఎక్కువైతే కంట్రోలర్ తనంతట తానే ఫ్యాన్లు తిప్పి, సైరన్ మోగిస్తుంది. అంతకుముందు కంప్రెసర్ నుంచి పాత ఆయిల్ తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు తీస్తుంటే ఇంకొకరు తలుపు దగ్గర నిలబడాలి. తెర వచ్చాక ఓనరుగారు, "ఇంక తలుపు కాడ మనిషెందుకు?" అన్నాడు. మా ఆయన కాదనలేదు. "మా అమ్మి కాపలా ఉండంగా ఇంకోడెందుకు లేండి" అని మురిసిపోయాడు.

ఆయిల్ తీసిన ప్రతిసారీ కొంచెం గ్యాసు చిమ్ముతుంది. ఇంట్లో ఫోన్లో ఆ అంకె ఎగిరి పడేది. "అదో, నాయన పని మొదలుపెట్టినాడు" అని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు ఆయుధపూజకు నన్నూ రమ్మన్నారు. అమ్మాయి మాత్రం వేరే ఫ్యాక్టరీలో తెర పెట్టడానికి పోయింది. మిషన్లన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టారు. మా ఆయన స్టూలెక్కి ఆ సెన్సార్‌కు, గడపకు పూసినట్టు, నిండా ముద్దపసుపు పూశాడు. కింద నుంచి వాచ్‌మన్ ఎగతాళి చేశాడు.

"ఏందన్నా, మంగళస్నానం చేయిస్తుండావా?"

"నీకేం తెలుసురా! మా అమ్మి పెట్టించిన సామాను. దీనికి అన్నిటికన్నా ఎక్కువే పుయ్యాల."

పండగ తరవాత ఆ అంకె సున్నా మీద నుంచి లేవలేదు. "అమ్మవారి చలవ. గొట్టాల్లో చుక్క కారటంలా" అన్నాడాయన. నేను దణ్ణం పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు, పండగయ్యాక మొదటిసారి ఆయిల్ తీసే రోజు మధ్యాహ్నం, అమ్మాయి అన్నం తింటుంటే ఆయన ఫోన్ చేశాడు. "ఆయిలు తీయబోతుండా. అమ్మిని చూస్తా ఉండమను" అన్నాడు. ఫోన్ కంచం పక్కన పెట్టుకుని చూస్తున్నాం. సున్నా.

"ఇంకా మొదలుపెట్టలేదేమో" అన్నాను.

చలి చూపించే అంకె పక్కనే వణుకుతోంది. గ్యాసు అంకె మాత్రం రాతి మీద చెక్కినట్టుంది. పెరుగన్నం కలుపుతున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, పూజ రోజు గోడ మీద సెన్సార్‌కు ఏమన్నా చేసినారా?"

"అన్నిటికీ చేసినట్టే. మీ నాయన దానికి పసుపు నిండా..."

మాట పూర్తి కానివ్వలేదు. తండ్రికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే వాచ్‌మన్‌కు చేసింది.

"అన్నా, కంప్రెసర్ గదికి పో! మొహానికి తడిగుడ్డ కట్టుకో!"

"సైరన్ మోగలేదే పాపా?"

"మోగదన్నా! నువ్వు పో!"

ఎంగిలి చేత్తోనే స్కూటీ తీసింది. నేను వెనక ఎక్కాను. మేం పోయేసరికి వాచ్‌మన్ ఆయన్ను బయటికి లాక్కొచ్చాడు, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు ఆయన్ను కొళాయి కింద కూర్చోబెట్టి కళ్ళ మీద నీళ్ళు పోస్తున్నారు. ఆయిల్ తీసే వాల్వ్ మూసుకోక గ్యాసు మొహాన కొట్టిందట. ఊపిరి తీస్తుంటే చినిగిన కొలిమితిత్తిలా చప్పుడొస్తోంది.

"ఫ్యాను తిరగలా... సైరనూ మోగలా" అన్నాడు కళ్ళు మూసుకునే. "నీ పెట్టెకేమైంది అమ్మీ?"

"వైరు ఊడింది నాయనా" అంది. నా వైపు చూడలేదు.

నెల్లూరు ఆసుపత్రిలో కళ్ళకు కట్టు కట్టారు. చూపు సంగతి కట్టు విప్పాకే చెప్తామన్నాడు డాక్టరుగారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వరండా వైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మాయి అక్కడ నిలబడి, తాను తెర ఇచ్చిన ఫ్యాక్టరీలకు ఒక్కొక్కదానికీ ఫోన్ చేస్తోంది. అందరినీ ఒకటే ప్రశ్న, గోడ మీద సెన్సార్‌కు పసుపు పూశారా అని. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. ఒకచోట మాత్రం పెద్దాయన గొంతు నాకూ వినిపించింది.

"పుయ్యకుండా ఎట్టమ్మా, కొత్త సామాను గదా? తెర మీద సున్నానే ఉండాదిలే, భయం లేదు."

"కంప్రెసర్ గది లోపల ఎవరన్నా ఉండారా పెదనాయనా?"

అవతల కంప్రెసర్ మోత వినబడుతూనే ఉంది. ఆయన ఎవరినో కేకేశాడు. కాసేపు ఆగి, ఇంకా గట్టిగా కేకేశాడు.