ఎర్ర దారం కట్టిన కుండ

నేను బొమ్మలు వేస్తానని ఊళ్లో నలుగురికీ చెప్పింది నేనే. నేను తప్ప ఇంకెవరూ చెప్పలేదు. గుమాస్తా ఉద్యోగం నుంచి దిగాక ఒక ముసలి కలంకారీ పనివాడి దగ్గర పదిహేను రోజులు కూర్చుని వచ్చి, ఇక నాకు తెలియనిది లేదన్నట్టు పెరట్లో కుండ పెట్టాను.

అందులో తుప్పు పట్టిన మేకులు, ఎద్దు లాడాలు, బెల్లం నీళ్లు. మూడు వారాలు పులిశాక ఆ నీళ్లతో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే, కరక్కాయ వగరుకు గీత నల్లబడాలి. నా గీత ఒక్క ఉతుకుకే బూడిదరంగు తేలేది. కరక్కాయ పాతదన్నాను, బోరు నీళ్లు ఉప్పన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మా ఆవిడ నా బొమ్మల మీద చెనక్కాయలు ఆరబోసేది. ఎవరైనా అడిగితే "పాత గుడ్డలు" అనేది. ఆ మాట నాకు గుచ్చుకునేది.

ఆమెకూ ఒక కుండ ఉంది. గోమూత్రంలో వేపాకు, పచ్చిమిరప, తెల్లగడ్డ వేసి మురగబెట్టిన పురుగుల మందు. అది ఆమె దానిమ్మ చెట్టు కోసం. గిన్నెలు కడిగిన నీళ్లు మోసి మూడు ఎండాకాలాలు ఆ చెట్టును బతికించింది. ఈ ఏడు మొదటిసారి నాలుగు కాయలు నిలిచాయి. తొలికాయ లేపాక్షి వీరభద్రుడికని మొక్కుకుంది. అంతలో పురుగు వచ్చి కాయల తొక్క గీరడం మొదలుపెట్టింది.

రెండు కుండలదీ ఒకటే రంగు, ఒకటే కంపు. ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి కదా, తన కుండ మెడకు ఎర్ర పట్టుదారం కట్టుకుంది.

మడకశిరలో చెల్లెలింటికి పోతూ చెప్పింది. "ఎర్ర దారం కట్టిన కుండలోది వడగట్టి, నీళ్లు కలిపి చల్లు. నాలుగు కాయలూ బాగా తడవాల."

"ఈమాత్రం తెలీదా నాకు?" అన్నాను.

ఆ మధ్యాహ్నం కొత్త కలం కట్టుకుంటున్నాను. వెదురుపుల్లకు గొర్రెబొచ్చు చుట్టి దారంతో బిగించాలి. మామూలు దారం జారిపోతోంది. పట్టుదారం గట్టిది కదా అని కుండ మెడ నుంచి విప్పుకున్నాను. రంగుల మనిషికి గుర్తులెందుకు, ముక్కు లేదా? సాయంత్రం రెండు కుండలూ వాసన చూసి, ఏమాత్రం అనుమానం లేకుండా ఒకదాన్ని ఎంచుకుని, వేపమండతో చెట్టంతా చల్లాను.

తెల్లారి చూస్తే పురుగు గీరిన చోటల్లా కాయలు నల్లబడి ఉన్నాయి. దానిమ్మ తొక్కకూ వగరు ఎక్కువే. రెండేళ్లుగా నాకు దొరకని నలుపు అది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ముందు సంతోషించాను. తర్వాతే మొక్కు గుర్తొచ్చింది. కుంకుడురసం పెట్టి నాలుగు కాయలూ తోమాను. చుక్క కూడా పోలేదు.

ఆమె వచ్చి కాయలు చూసింది. కుండ మెడ చూసింది.

"దారం యాడ?"

కలం చూపించాను.

"మూడేండ్లు నీళ్లు మోసినాను కదయ్యా" అని చెట్టు కిందే కూర్చుని ఏడ్చింది. నాలుగు తిట్టినా బాగుండేది.

కాయ పండాక, అంగట్లో మంచిది కొని తెస్తానన్నాను. "మొక్కుకున్నది అంగట్లో కాయ కాదు" అని ఆ మచ్చల కాయనే కొంగున కట్టుకుని బస్సెక్కింది. లేపాక్షిలో నేను తేలు కుట్టిన దొంగలా స్తంభం చాటున నిలబడ్డాను.

పూజారి కాయను తిప్పి చూశాడు. "ఏమ్మా, కుళ్లినట్లుండాదే?"

"కుళ్లలేదు సామీ. మా ఆయన బొమ్మలేస్తాడు. ఆ నలుపు ఆయన తీసిందే. ఎంత తోమినా పోదు."

నేను స్తంభం చాటు నుంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను.